జేజి చూపించిన చోటు

జ్యేష్ఠమాసం ఆఖరులో, అమావాస్య ముందర వచ్చిన శనివారం, పొద్దున పదకొండు గంటలు. మా ఇంట్లో అప్పట్లో గడియారం లేదు. అయినా గంట సరిగ్గా చెప్పగలను. కంబదూరు పోయే బస్సు మా అడ్డరోడ్డు దగ్గర ఆగి హారన్ కొట్టేది ఆ వేళకే. ఆ హారన్ వినబడుతుండగానే మా జేజి ఊరి శ్మశానంలో నిలబడి, చెయ్యి చాపి, మగవాళ్ళకు ఒక చోటు చూపించింది. ఆమె రెండో చేతిలో నా మణికట్టు ఉంది.

జేజి అంటే మా నాయనను కన్నతల్లి. నాకప్పుడు పావడా కట్టే వయసు.

ఈ సంగతి ఇన్నేండ్లూ ఎవరితోనూ అనలేదు. అనకుండానే పోదామనుకున్నాను. పోయిన నెల ఒక పిల్లవాడు వచ్చి దాన్ని కదిలించాడు. ప్యాంటుకు మోకాళ్ళ దాకా ఎర్రదుమ్ము, చేతిలో ఫోను, వెనకాల కొయ్యలు మోసుకుంటూ ఇద్దరు కూలీలు. ఊరి తూర్పు మిట్టంతా సోలార్ పలకలకు కౌలుకు ఇచ్చేశారు మావాళ్ళు. పాత శ్మశానం ఆ మిట్ట అంచులోనే ఉంటుంది. ఇప్పుడక్కడికి ఎవరినీ మోసుకుపోరు. రోడ్డు పక్కన కొత్తది వచ్చి చాలా కాలమైంది.

"అవ్వా, ఈ ఊరి పాత సంగతులు నీకే తెలుసంట గదా. ఆడ ఎవురెవుర్ని యాడ పూడ్చినారో చూపిస్తే, ఆ తావులు ఇడ్సిపెట్టి గుంతలు తీస్తాం" అన్నాడు. మర్యాద తెలిసిన పిల్లవాడే.

"నాకేం తెలుసప్పా. తెలిసినామె పోయింది."

"ఎవురు?"

"మా జేజి."

"రాసి పెట్టిందా ఏమన్నా?"

నవ్వొచ్చింది నాకు. మా జేజికి వేలిముద్ర తప్ప రాత లేదు. నాకే నలభై దాటినాక, రాత్రి బడిలో, నా కూతురి వయసు టీచరమ్మ చెయ్యి పట్టి దిద్దిస్తే వచ్చాయి నాలుగు అక్షరాలు. ఆ నాలుగు అక్షరాలతోనే ఇది రాస్తున్నాను. ఇందులో వంకరలుంటే నావి. సంగతి మాత్రం వంకర లేదు.

మా జేజి తల నిండా మనుషులే. మా ఊర్లోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఏ ఇల్లు ఎక్కడి నుంచి లేచి వచ్చింది, ఏ కరువులో వచ్చింది, ఎవరి కూతురు ఎవరి గడప తొక్కింది, ఎవరు ఎవరితో మాటలు మానుకున్నారు, చచ్చినవాళ్ళలో ఎవరు ఏ రాయి కింద ఉన్నారు, అంతా ఆమెకు తెలుసు. చచ్చారు అనేది కాదు. 'పండుకున్నారు' అనేది. పెండ్లి సంబంధం అనుకుంటే, పంచాంగం తెరవకముందే మా అరుగు మీదికి వచ్చేవాళ్ళు, వరస కుదురుతుందో లేదో చూసి చెప్పమని.

ఒకసారి మా వీధి చివరి మామ తలపాగా చుట్టుకుని, మీసం దువ్వుకుని వచ్చాడు. కొడుక్కి శింగనమల దగ్గర పిల్లను చూశాడట.

"చెరువు కింద మడి ఉండాదత్తా వాండ్లకు. పిల్ల కూడా దిట్టంగా ఉండాది."

జేజి ఆ పిల్ల తాత పేరు అడిగింది. కండ్లు మూసుకుంది. ఏది చెప్పాలన్నా ముందు కండ్లు మూసుకునేది. లోపల ఎవరెవరినో పలకరించి వచ్చినట్టు కాసేపాగి తెరిచేది.

"ఆ పిల్ల నీ కొడుక్కు చెల్లెలైతాది. ఒద్దు."

"యాడి చెల్లెలత్తా! వాండ్లకూ మాకూ ఇంటిపేరే కలవదు."

"మీ ముత్తాత, వాండ్ల ముత్తాత ఒక్క తల్లి కడుపున పుట్టినారు. ఒక పాడి ఎనుము కోసం తలకాయలు పగలగొట్టుకున్నారు. మీ ముత్తాత అర్ధరాత్రి ఆ ఎనుమును తోలుకోని ఈడికొచ్చి పడినాడు. దొరికిపోతానని ఇంటిపేరు మార్చుకున్నాడు."

"మేము బళ్ళారి తట్టు నుంచి వచ్చిన దొరలమని మా తాత చెప్పేవాడే!"

"దొరలే, కాదన్నానా? ఎనుము తోక పట్టుకోని వచ్చిన దొరలు."

అరుగు మీద ఆడవాళ్ళు పడీపడీ నవ్వారు. మామ కూడా నవ్వాడు. సంబంధం పోయింది, పైగా దొరతనం కూడా పోయింది. అయినా జేజి మీద కోపం తెచ్చుకోలేదు. ఎవరూ తెచ్చుకునేవాళ్ళు కాదు. ఆమె అబద్ధం చెప్పదని ఊరికంతటికీ గట్టి నమ్మకం. తెలియకపోతే తెలియదనేది. 'అయ్యింటాది' అనే మాట ఆమె నోట నేను వినలేదు. ఎవరైనా అలా ఊహించి మాట్లాడితే, "చూసినావా? ఇన్నావా? ల్యాకపోతే నోరు మూసుకో" అనేది.

ఈ చదువంతా ఆమెకు వాళ్ళ అత్త దగ్గర అబ్బింది. ఆమెను మేము ముత్తవ్వ అనేవాళ్ళం. నేను చూడలేదు. మా జేజి ఇంకా బొమ్మలతో ఆడుకునే వయసులో కోడలుగా వచ్చిందట. అమ్మ కావాలని ఏడుస్తుంటే ముత్తవ్వ పక్కలో పండుకోబెట్టుకుని, ఊర్లోని ఒక్కో ఇంటి సంగతి చెప్పి నిద్రపుచ్చేదట. కథలంటే అవే. అట్లా వింటూ వింటూ ఆ పిల్ల ఊరినంతా కడుపులో పెట్టుకుంది.

పెద్దల అమావాస్య వస్తే మాకు పండగే. ముందురోజు నుంచే ఇల్లంతా ఓళిగల వాసన, శనగబేడలు ఉడికే వాసన, అలసంద వడలు నూనెలో పడే చప్పుడు. మగవాళ్ళు ఇంట్లో దీపం ముందర మొక్కి ఊరుకునేవాళ్ళు. శ్మశానానికి ఆకులు మోసేది జేజి, ఆమె వెనక మేము నలుగురైదుగురు ఆడపిల్లలం. ఒక్కో రాయి దగ్గర ఒక మోదుగాకు పరిచి, కొంచెం కొర్రన్నం, పుంటికూర, ఒక వడ, ఓళిగ ముక్క పెట్టేది. పేరు చెప్పి ఒక్క మాట చెప్పేది. "ఈయప్ప బావిలో పడిన ఎద్దును ఒక్కడే లాగినాడు." "ఈ తల్లి పాట పాడితే దారిన పోయేటోళ్ళు నిలబడేటోళ్ళు." "ఈయన ఉత్త పిసినిగొట్టు, అయినా మనోడే, తిను నాయనా."

ఆమె ముందు వరసలోకి పోగానే వెనక వరసలో వడలు మాయమయ్యేవి. జేజి వెనక్కి తిరిగేది కాదు. "కాకులు ఈయేడు గాజులేసుకోని వచ్చినాయే!" అనేది గట్టిగా. మేము వడలు నోట్లో కుక్కుకుని చేతులు పావడాల్లో దాచుకునేవాళ్ళం.

ఆఖరున ఒక బూడిదరంగు పలకరాయి. పక్కన తంగేడు పొద. అది ముత్తవ్వది. దాని పక్కన మనిషి పండుకునేంత చోటు ఖాళీగా ఉండేది. జేజి దాన్ని చీపురుతో ఊడ్చి, మమ్మల్ని అక్కడ కూర్చోబెట్టి మిగిలినవన్నీ తినిపించేది.

"ఇది నాది. మా యత్త నా కోసం పెట్టి పోయింది. ఈడ ఎవురూ ల్యారు. బాగా తినండి, నా ఇంట్లో తింటాండారు" అనేది.

ఇక కరువు సంగతి. మా వైపు పుట్టినవాళ్ళకు కరువును గురించి వర్ణించి చెప్పనక్కర్లేదు. ఒక యేడు వాన లేకపోతే మాకు అది మామూలు యేడు. రెండేండ్లు లేకపోతే పెద్దవాళ్ళు మాట తగ్గిస్తారు. ఇది మూడో యేడు. ఊరబావిలో మొదటి కడవతోనే బురద వచ్చేది. బడి వెనక గవర్నమెంటువాళ్ళు గంజి పోసేవాళ్ళు. మాడిన జొన్నగంజి, దాంట్లో పచ్చికంప పొగ వాసన. ఆ వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నాకు ఆకలేస్తుంది. ఏం చేయను, నాలుక అట్లా అలవాటు పడింది.

వాన కోసం చేయవలసినవన్నీ చేశారు. కప్పను రోకలికి కట్టి ఇల్లిల్లూ తిప్పితే ఆడవాళ్ళు దాని మీద కడివెడు నీళ్ళు పోస్తారు. అది మా పిల్లల పని. తీరా చూస్తే ఊర్లో కప్పే లేదు. ఎక్కడుంటుంది, నీళ్ళుంటే కదా. బావి గట్లన్నీ వెతికి వెతికి, చివరకు మేమే జిగటమన్నుతో ఒక కప్పను చేశాం. బొద్దుగా, ఉల్లిపాయ పొట్టుతో కండ్లు పెట్టి. వేపాకు కప్పి రోకలికి కట్టి అరుచుకుంటూ బయలుదేరాం. మొదటి ఇల్లు ఎదురింటి అత్తది. ఆమె చెంబు నీళ్ళు పోయగానే కప్ప కరిగి రోకలి మీదుగా కారిపోయింది.

"ఓసి మీ మొగాలు మండ! కప్ప దొరక్కపోతే గమ్మునుండక, మన్ను కప్ప తెస్తారా! ఉండే ఒక్క చెంబు నీళ్ళూ మన్ను పాలు చేస్తిరే!" అని ఎదురింటి అత్త వెంటపడింది. మేము నవ్వుకుంటూ పరిగెత్తాం. జేజి మాత్రం నవ్వలేదు. రోకలి మీద ఎర్రటి చారను చూస్తూ నిలబడింది.

ఆ యేడు ఇంట్లో ఉన్న ఆస్తి విత్తనం కాయలే. చెనిక్కాయలు, అంటే వేరుశనగలు, మూటలోనే ఉన్నాయి. వాటిని తినకుండా, అమ్మకుండా కాపాడటం ఒక పెద్ద గండం. వాన వస్తుందన్న ఆశతో మధ్యాహ్నాలు ఆడవాళ్ళంతా మా అరుగు మీద చేరి కాయలు వొలిచేవాళ్ళు. పిల్లల్నీ కూర్చోబెట్టేవాళ్ళు. ఆకలి మీదున్న పిల్లల ముందు పప్పులు పోస్తే ఊరుకుంటారా? అందుకు జేజి ఒక ఉపాయం పెట్టింది. వొలుస్తున్నంతసేపూ ఊరి ఇండ్ల వరసలు మా చేత గట్టిగా చెప్పించేది. ఫలానా ఇంటి పెద్దాయన, ఆయన కొడుకు, కోడలు ఏ ఊరు, ఆమె తోబుట్టువులు. నోట్లో పప్పు ఉంటే మాట స్పష్టంగా రాదు. ఎవరి గొంతు మందమైతే వాళ్ళ బుగ్గ మీద వేలితో పొడిచేది. నాకు తెలిసిన నాలుగు ఇండ్ల సంగతులూ అట్లా బుగ్గ మీద పోట్లతో వచ్చినవే.

ఒకరోజు మేము చెప్పి చెప్పి అలిసిపోయాం. అప్పుడు జేజి ముత్తవ్వ సంగతి ఎత్తుకుంది. ఎండకు అరుగు కాలుతోంది, కాయల పొట్టు దుమ్ముకు అందరూ తుమ్ముతున్నారు.

"మా యత్తకు భుజాలు కాణ్నుంచి మోచేతుల దాకా తెల్లగా ఉండేది. తొన్ను. పొడుగు చేతుల రైక ఏసుకుంటాండె, ఊర్లో ఎవురికీ తెలీదు. నేను ఆ చెయ్యి తలకాయ కింద పెట్టుకోని పండుకుంటాంటి. చల్లగా ఉండేది. మల్లెపూల చెయ్యి అంటాంటి నేను."

ఎదురింటి అత్త చేతిలో కాయ ఆగిపోయింది.

"తొన్నా? అయితే ఆయమ్మను కాల్చినారా, పూడ్చినారా అత్తా?"

"పూడ్చినాం. యాలమ్మే?"

"యాల లేదులే. ఊరికే అడిగితి."

మళ్ళీ కాయలు టపటపా పగిలాయి. జేజికి ఆ ప్రశ్న అప్పుడు తగల్లేదు. ఎందుకు తగల్లేదో నాకిప్పటికీ అంతుపట్టదు. ఒంటి మీద తొన్ను ఉన్న మనిషిని కాల్చకుండా పూడిస్తే ఆ ఊరికి వాన రాదని మా వైపు ఒక మాట ఉండేది. ఆ మాట ఆమెకు తెలియదా? తెలుసు. కానీ ఆమె లెక్కలో అది ఎవరో తొన్ను మనిషి గురించిన మాట. తన అత్త గురించి కాదు. ప్రేమగా తలుచుకున్న చెయ్యి ఒకటి ఊరి నోట్లో పడితే ఏమవుతుందో ఆమెకు తోచలేదు.

రెండు రోజులకే వచ్చారు. ముందు ఊరి పెద్దమనిషి, వెనక నలుగురు. పెద్దమనిషి చెడ్డవాడేం కాదు. ఆ వేసవిలో ఆయన రెండెద్దులూ గడ్డి లేక కొట్టంలోనే కూలబడ్డాయి. వరసకు మా జేజికి మరిది.

"వదినా, ఒక మాట అడిగేదానికి వచ్చినాం."

"అడుగప్పా. ఎవురి వరస చూడాల?"

"వరస కాదు." ఆయన కాసేపు తుండుగుడ్డ మడత పెట్టాడు, విప్పాడు. "మీ యత్త తొన్ను మనిషంట గదా. పూడ్చినారంట."

జేజి వీధికి అడ్డంగా ఎదురింటి వైపు చూసింది. ఎదురింటి అత్త గుమ్మంలోంచి లోపలికి తప్పుకుంది.

"ఎవురూ చాడీ చెప్పలేదు వదినా. నువ్వే చెప్తివంట. నువ్వు చెప్తే అది నిజమే గదా. మోడం వస్తాండాది, మన పొలిమేర కాడికి రాంగానే చెదిరిపోతాండాది. నువ్వూ చూస్తాండావు. పక్కూరోళ్ళకు నాలుగు చినుకులన్నా పడినాయి. మనకే ల్యా."

"మోడానికి మా యత్త యాడ అడ్డం వచ్చిందప్పా? బతికినన్నాళ్ళు కుక్కకు కూడా అడ్డం రాలేదు ఆయమ్మ."

"శాత్రం వదినా. నాకు మాత్రం ఇష్టమా?"

"ఎముకలు కూడా ఉండవు ఇప్పటికి. మన్ను తినేస్తాది గదా."

"ల్యాకుంటే ఆ మన్నే కాలుస్తాం. చోటు చూపిస్తే చాలు."

"చూపించకుంటే?"

పెద్దమనిషి కండ్లు పైకెత్తలేదు. "అందురూ పిచ్చెత్తి ఉండారు వదినా. నువ్వు చూపించకుంటే మశానమంతా తవ్వుతారు. ఆడ పండుకున్నోళ్ళంతా మనోళ్ళే. నీకే తెలుసు గదా, మాకంటే."

అదీ మాట. ఒక్కరిని ఇవ్వు, లేదంటే అందరినీ తవ్వుతాం. ఆయన బెదిరించలేదు. ఉన్నది చెప్పాడు.

వాళ్ళు పోయినాక నాయన వాకిట్లో కూలబడ్డాడు. "అమ్మా, చూపించు. సచ్చినోళ్ళకు నొప్పి ఉండదు. బతికినోళ్ళం యాడికి పోవాల?"

"నీకు నడక నేర్పింది ఆయమ్మే రా."

"నాకు గ్యాపకం ల్యా."

"నీకు ల్యా. నాకుండాది."

అమ్మ ఉలవలు ఉడకబెట్టి గిన్నె జేజి ముందర పెట్టింది. సాయంత్రానికి ఆ గిన్నె అట్లే ఉంది, పైన ఈగలు. జేజి కండ్లు మూసుకుని గోడకు ఆనుకుని ఉంది. మామూలుగా కాసేపటికి తెరిచేది. ఆ రోజు చాలాసేపు తెరవలేదు.

శనివారం పొద్దున చెంబు నీళ్ళతో ఒళ్ళు తడుపుకుని, ఉతికిన చీర కట్టుకుని, వాకిట్లో అచ్చనగాయలాడుతున్న నా మణికట్టు పట్టుకుంది. "పిల్లనెందుకత్తా?" అని అమ్మ అడ్డం రాబోతే, "నాకు తోడు" అంది. అంతే.

గడ్డపారలు, పారలు, కిరసనాయిలు డబ్బా, ఎండిన కంపమోపు. అన్నీ సిద్ధంగా ఉన్నాయి. పెద్దమనిషి, ఆయనతోపాటు నలుగురు, మా నాయన. ఎదురింటి అత్త తలమీద కొంగుతో కొంచెం దూరంగా. నాయనకు శ్మశానంలో మా వరస ఏదో తెలుసు గానీ ఏ రాయి ఎవరిదో తెలియదు. అక్కడున్నవాళ్ళలో తెలిసింది ఇద్దరికే. జేజికి, ఆమె వెంట ఆకులు మోసిన నాకు.

అప్పుడే బస్సు హారన్ కొట్టింది. జేజి చెయ్యి చాపింది.

"ఈడ."

నేను తలెత్తి చూశాను. ఆమె వేలు పలకరాయి వైపు లేదు. దాని పక్కన, మేము కూర్చుని ఓళిగలు తిన్న ఖాళీ చోటు వైపు ఉంది. ఆమె చోటు. నా మణికట్టు మీద ఆమె వేళ్ళు బిగిశాయి.

"రాయి ల్యాకపాయ వదినా?"

"ఎప్పుడో పడిపాయ."

ఏనాడూ అబద్ధం ఆడని నోరు ఒక్క ఊపిరిలో రెండు చెప్పింది. నేను చిన్నదాన్నే గానీ ఆమె ఎత్తు నాకు అర్థమైంది. ఖాళీ మన్ను తవ్వుతారు, ఏమీ దొరకదు, ఆ మన్నునే కాల్చుకుని పోతారు. ముత్తవ్వ నిద్ర చెడదు. మిగతావాళ్ళ నిద్రా చెడదు. పోతే జేజి చోటు పోతుంది, అంతే కదా.

గడ్డపార గట్టినేల మీద ఠంగుమంది. మోకాటి లోతు తవ్వారు. ఎర్రమన్ను, గులకరాళ్ళు. జేజి ముఖం తేటగా ఉంది.

"నేను చెప్తి గదప్పా, మన్ను తినేసిందని. ఇంగ నిప్పు పెట్టుకోండి."

"ఇంకో మూర చూద్దాం వదినా. శాత్రానికి."

ఇంకో మూర తవ్వారు. గుంతలో ఉన్నవాడు పార పక్కన పెట్టి చేత్తో మన్ను తోశాడు. లేచి చెప్పులు తీసి గట్టు మీద పెట్టాడు. మిగతావాళ్ళూ తీశారు.

"ఉండాదప్పా" అన్నాడు మెల్లగా.

నా మణికట్టు మీది చెయ్యి వదులైపోయింది. జేజి గుంత అంచుకు పోయి వంగింది. నేనూ చూశాను. సన్నటి ఎముకలు. ఒక చేతి దగ్గర పచ్చగా చిలుమెక్కిన కంచు కడియం. జేజి ఆ కడియం వైపు చూస్తూ కండ్లు మూసుకుంది, తెరిచింది. మళ్ళీ మూసుకుంది.

"ఎవురమ్మా నువ్వు?" అంది.

అందరూ అత్త కోసం ఏడుస్తోందనుకున్నారు. ఎదురింటి అత్త ముక్కు చీదింది.

జేజి పెద్దమనిషి వైపు తిరిగింది. "అబ్బీ, ఆపు. ఈయమ్మ మా యత్త కాదు. నేను అబద్ధం చెప్పినా."

పెద్దమనిషి ఆమెను జాలిగా చూశాడు. "నువ్వా? అబద్ధమా? ఊరుకో వదినా. నీ కడుపు కాలుతాండాది, మాకు తెలీదా?"

"నిజంగా చెప్తాండా. మా యింట్లో ఎవురూ కంచు కడియం ఏసుకోలేదు. ఈయమ్మ ఎవురో నాకు తెలీదు. పాపం ఎవురో. కప్పేయండప్పా."

"నీకు తెలీని మనిషి ఈ ఊరి మన్నులో ఉంటాదా అత్తా?" అన్నాడు గుంతలోని వాడు. వెక్కిరింపుగా అనలేదు. నిజంగానే అడిగాడు.

"సరే" అన్నాడు పెద్దమనిషి. "ఈయమ్మ కాకుంటే మీ యత్త యాడుండాది? అది చూపించు వదినా. దీన్ని ఇప్పుడే పూడ్చేస్తాం."

అంత సులభం. వేలు రెండడుగులు పక్కకు జరిపితే చాలు. ఈ ముక్కూమొగం తెలియని మనిషి మన్ను కప్పుకుని మళ్ళీ పండుకుంటుంది. నాకు తంగేడు పొద వైపు చూడాలనిపించింది. మెడ తిరగబోతుంటే జేజి నా తల పట్టి తన చీర కుచ్చిళ్ళలోకి అదుముకుంది. ఆముదం వాసన, పొయ్యి పొగ వాసన. ఆ చీకట్లో ఆమె మాట కోసం ఎదురుచూశాను. ఆమె కడుపు రెండుసార్లు ఎగిరింది, ఏదో చెప్పబోయినట్టు.

"చూసినారా, ఇంగో చోటు చూపించల్యా" అన్నాడెవరో.

తర్వాత కిరసనాయిలు వాసన వచ్చింది. కంప చిటచిటలాడింది. ఎదురింటి అత్త గొంతెత్తి, "పో తల్లీ, పో, మమ్మల్ని ఇడ్సిపెట్టి చల్లగా పో, వాన పంపు" అని ఏడ్చింది. జేజి ఏడవలేదు.

మరుసటి వారం వాన పడింది. వాన ఎందుకు పడుతుందో వానకే తెలియాలి. ఆ రోజు చుట్టుపక్కల ఊళ్ళన్నిట్లో పడింది, వాళ్ళెవరూ ఎవరినీ కాల్చలేదు. ఆ మాట ఎవరికి చెప్తాం? ఊరు ఊరంతా విత్తనాల గంపలతో పరిగెత్తింది. సాయంత్రం పెద్దమనిషి తడిసిన తలపాగాతో వచ్చి మా జేజి కాళ్ళకు దండం పెట్టాడు. ఎదురింటి అత్త చేటలో ఓళిగలు తెచ్చింది.

"నీ పుణ్యం అత్తా. తిను."

"నాకు యాలమ్మే. ఎవురికి పెట్టాలో వాండ్లకు పెట్టు."

ఎవరికి పెట్టాలో ఆమెకే తెలియదు కదా. అదీ ఆమె బాధ.

వానలు ఆగగానే జేజి నడక మొదలుపెట్టింది. చుట్టుపక్కల ఊళ్ళలో తన ఈడువాళ్ళు, తనకంటే పెద్దవాళ్ళు ఎక్కడున్నారో అక్కడికల్లా పోయింది. కొన్నిసార్లు నన్ను వెంటబెట్టుకుపోయేది. అందరినీ ఒకటే అడిగేది. కంచు కడియం వేసుకున్న సన్నటి ఆడమనిషి, మీ ఇండ్లలో ఎవరన్నా తప్పిపోయిందా? ఎవరూ చెప్పలేకపోయారు. ఆఖరుకు గాజులమ్మే సాయిబుల ముసలమ్మ దగ్గరికి పోయాం. మంచంలో ఉంది. జేజి చెప్పింది విని తల అడ్డంగా ఊపింది.

"నా చేతిలో ఎన్ని చేతులు పడినాయో అక్కా. కంచు కడియం చెయ్యి నేను చూల్యా. మా యమ్మ కాలందేమో. కరువులో పిల్లాజెల్లా నడిచిపోయేటోళ్ళు గదా, బళ్ళారి తట్టుకు. దావలో పడిపోతే ఎవురో పూడ్చి పోయింటారు."

"పేరు?"

"నడిచిపోయేటోళ్ళ పేరు ఎవురడుగుతారక్కా?"

తిరిగి వచ్చే దారి పొడుగునా జేజికి ఒకటే లెక్క. తన అత్తకు కూడా తెలియకుండా, అత్త తన కోసం పెట్టిన చోటులోనే ఎవరో ముందే వచ్చి ఉన్నారు. తాను ఏండ్ల తరబడి ఆమె మీద చీపురు తిప్పి, పిల్లల్ని కూర్చోబెట్టి, ఒక్క ముద్ద కూడా ఆమెకు పెట్టకుండా తినిపించింది.

ఆ తర్వాత కూడా వరస అడగడానికి జనం వచ్చేవాళ్ళు. జేజి చెప్పేది. కానీ చివర ఒక ముక్క తగిలించేది, "నాకు తెలిసినంత మటుకు" అని. ఆమెకు వయసు మీదపడిందనుకున్నారు. మెల్లగా రావడం తగ్గించారు. కాయలు వొలిచేటప్పుడు మా చేత వరసలు చెప్పించడం కూడా మానేసింది. మేము హాయిగా పప్పులు తిన్నాం. చెప్పించి ఉంటే నాకింకొన్ని ఇండ్లయినా వచ్చేవి.

పెద్దల అమావాస్యకు ఆ కాలిన చోట ఒక ఆకు ఎక్కువ వేసేది. అన్నీ పెట్టేది. పేరు చెప్పవలసిన చోట ఊరికే నిలబడేది. ఆ ఆకులోని వడ జోలికి మేమెవరమూ పోలేదు.

పోయేముందు నాయనతో చెప్పింది. "నన్ను ఆడ పెట్టొద్దు. అది నాది కాదు." రోడ్డు పక్కన కొత్త శ్మశానంలో మొదటి వరసలో పెట్టారు. ముత్తవ్వకు ఆమె దూరమైంది.

మొన్న ఆ పిల్లవాడు మళ్ళీ వస్తే వెంట పోయాను. తంగేడు పొద లేదు. రాళ్ళను ఎప్పుడో గట్టు వేయడానికి జేసీబీతో తోసేశారు. నేలంతా ఒక్కటే. ఎర్రగా, చదునుగా. ఎక్కడ కూర్చుని తిన్నానో ఆనవాలు పట్టలేకపోయాను.

"ఈ అంచంతా ఇడ్సిపెట్టప్పా" అన్నాను.

"అంతా కుదరదవ్వా. నువ్వు వేలు పెట్టి చూపించు, ఆ తావున కొయ్య కొడతా."

కొయ్య పట్టుకుని ఎదురుచూశాడు. నా చెయ్యి లేవలేదు. చూపిస్తే ఎక్కడ చూపించాలి? ఇక్కడ ఉన్నారని చెప్పలేను. ఇక్కడ ఎవరూ లేరని అసలే చెప్పలేను. పాపం, ఎండలో చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత సీసాలో నీళ్ళు నాకు తాగించి, తానూ తాగి, ఫోను చూసుకుంటూ తన కొలతల ప్రకారం కొయ్యలు కొట్టించుకుంటూ పోయాడు. ఇప్పుడక్కడ సున్నపు గీతలున్నాయి. గుంతలు తీసేది వచ్చే వారమట.

జేజి అయితే పేర్లతో చెప్పేది. వాళ్ళ మనుమలూ మనుమరాళ్ళూ ఊర్లో ఉన్నారు కాబట్టి నేను పేర్లు రాయడం లేదు. ఆ శనివారం అక్కడ ఉన్నవాళ్ళు వీళ్ళు. ఎద్దులు పోగొట్టుకున్న పెద్దమనిషి. ఆయన తమ్ముడు. ఎనుము తోక దొరల ఇంటి మామ. గుంతలో దిగి చెప్పులు విప్పినవాడు. కంపమోపు మోసుకొచ్చిన అతని బావమరిది. తలవంచుకుని నిలబడిన మా నాయన. ఎదురింటి అత్త. మా జేజి. ఆమె చీరలో ముఖం దాచుకుని నేను. తంగేడు పొద కింద ఎవరి కంటా పడకుండా మా ముత్తవ్వ. గుంతలో, చేతికి కంచు కడియంతో, ఇంకొకామె. ఎవరి బిడ్డో.